గద్దె వారసుడు, సర్వే కెప్టెను, మధ్యలో ఒక పేషెంటు: ‘షార్డ్స్ ఆఫ్ ఆనర్’ ఆడియోబుక్

శత్రు సామ్రాజ్యాల వారసులు ప్రేమించుకునే అంతరిక్ష నవలలు యాప్ తెరిస్తే చాలు, వరసగా కనబడుతున్నాయి. అట్ట మీద కిరీటం, వెనకాల నక్షత్రాలు. కొన్ని మొదలుపెట్టాను, సగంలో ఆపేశాను. వాటిలో యువరాజుకీ యువరాణికీ వారసులుగా ఉండటం తప్ప వేరే పనుండదు. పొద్దున్న లేచి గద్దె గురించి బాధపడతారు, రాత్రి బాల్కనీలో బాధపడతారు. అన్నం ఎవరు వండారో, గాయానికి కట్టు ఎవరు కట్టారో ఎక్కడా చెప్పరు.

ఇది వేరే రకం. “పాతదే గానీ నీ డ్యూటీకి సరిపోయే కథక్కా, విను” అని మా తమ్ముడు పట్టుబట్టి నా ఫోన్లో వేశాడు. నేను విశాఖలో స్ట్రోక్ పేషెంట్ల వార్డులో స్టాఫ్ నర్సుని. గాజువాక నుంచి బస్సులో వెళ్తూ వస్తూ విన్నాను. అందుకని ఈ రివ్యూలో అంతరిక్ష నౌకల కంటే పేషెంటు సంగతులే ఎక్కువుంటాయి, ముందే చెప్తున్నా.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ మొదటి నవల ఇది, 1986లో వచ్చింది. ఆవిడ రచయిత్రి కాకముందు అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రి ఫార్మసీలో టెక్నీషియన్‌గా పనిచేసింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది గానీ, వింటుండగానే ఈవిడ ఆసుపత్రి గాలి పీల్చిన మనిషే అనిపించింది.

కథ ఇలా మొదలవుతుంది. ఎవరూ కాపురం లేని ఒక గ్రహం మీద మొక్కలూ జంతువులూ లెక్క రాసుకోడానికి వచ్చిన బృందానికి కొర్డీలియా కమాండర్, వాళ్లది బీటా కాలనీ అనే గ్రహం. ఆవిడ శిబిరం మీద బారయార్ అనే ఇంకో గ్రహం సైనికులు పడి తగలబెట్టేస్తారు. మిగిలింది ఆవిడా, డుబావర్ అనే కుర్ర ఆఫీసరూ. ఆ కుర్రాడికి నరాల్ని మాడ్చేసే ఆయుధం దెబ్బ తలకి తగులుతుంది. ప్రాణం ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. ఆవిడని పట్టుకున్న వాడు ఆరల్ వోర్కోసిగన్. బారయార్‌లో ఒక కౌంట్ కొడుకు, వారసుడు. తల్లి వైపు నుంచి రాజరక్తం కూడా ఉండటంతో సింహాసనం మీదా హక్కుందని అందరూ గుసగుసలాడే మనిషి, ఆయనకి మాత్రం ఆ మాటంటేనే పడదు. విచిత్రం ఏమిటంటే ఆయన సొంత మనుషులే తిరగబడి ఆయన్నీ అక్కడ చావమని వదిలేసి పోయారు. ఆహారం, ఆయుధాలు దాచిన చోటు చేరాలంటే రోజుల తరబడి నడవాలి. ముగ్గురూ బయల్దేరతారు: ఖైదీ, పట్టుకున్నవాడు, పేషెంటు.

కొర్డీలియా ఎవరికీ వారసురాలు కాదు. బీటా కాలనీలో అసలు ఆ లెక్కే లేదు, ఓట్లేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు, తర్వాత “నేనైతే ఆయనకి వెయ్యలేదు” అని తప్పించుకుంటారు. (ఇది వినగానే వాళ్లు మనకి చుట్టాలే అనుకున్నాను.) అంచేత ఇద్దరు వారసుల ప్రేమకథ కావాలని వచ్చినవాళ్లకి ఇక్కడ ఒకడే దొరుకుతాడు. నాకైతే అదే నచ్చింది. ఒక పక్క వంశం, పరువు, మాట తప్పడం కంటే చావు నయమనే పట్టుదల. ఇంకో పక్క ‘ఈ పని ఎందుకు చెయ్యాలో చెప్పు, అప్పుడు చేస్తా’ అనే మనిషి. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు కదా, వీళ్లు ముందు కయ్యంలోనే ఉజ్జీ తేల్చుకుంటారు.

తేల్చుకునేది కూడా ఆ పేషెంటు దగ్గరే. గొంతు కోసేద్దాం, అదే వాడికి మేలు, నీకు చెయ్యి రాకపోతే నేనే చేస్తానంటాడు ఆరల్. కోపంగా కాదు, జాలిగానే అంటాడు. ఆయన లోకంలో అలాంటి మనిషిని బతికించి పెట్టుకోవడం అంటే అవమానించడమే. కొర్డీలియా ఒప్పుకోదు. ఊపిరి ఉన్నంతవరకూ వీడు నా మనిషి, ఇంటికి తీసుకెళ్తానంటుంది. దానికి బదులుగా పారిపోనని మాటిస్తుంది.

ఈ మాట నాకు కొత్త కాదు. రౌండ్స్ అయ్యాక వార్డు తలుపు దగ్గర పేషెంటు తాలూకు వాళ్లు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు: “సిస్టరమ్మా, ఇంకా ఇలా ఎన్నాళ్లు?” అడిగేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. చాలాసార్లు రాత్రంతా మెలకువగా కూర్చున్నది ఆ అడిగిన మనిషే. బుజోల్డ్ ఆరల్‌ని ఆ చోటే నిలబెట్టింది, విలన్ చోట కాదు. అందుకే తర్వాత వాళ్లిద్దరి మధ్య పుట్టేది నమ్మబుద్ధయింది.

ఇక తిండి. తగలబడిన శిబిరంలో మిగిలింది ఓట్స్, సలాడ్‌లో కలిపే బ్లూ చీజ్ సాస్. రోజూ అదే. ఆరల్ లాంటి ప్రభువంశం వాడు ఆ సాస్ రుచి చూసి మొహం పెట్టే తీరు నవ్వొస్తుంది. నేను మాత్రం డుబావర్ వైపు చూశాను. కొర్డీలియా వాడికి ఓట్స్ జావ తినిపిస్తుంది. మింగటం దెబ్బతిన్న మనిషికి నీళ్లే గండం. పల్చటి నీళ్లకి పొలమారినవాడు చిక్కటి జావకి అంత తొందరగా పొలమారడు. మా దగ్గరైతే రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే గొట్టం) వేస్తాం, తల ఎత్తి కూర్చోబెడతాం, ఒక్కో చెంచా మింగాడో లేదో గొంతు చూసి రెండోది పెడతాం. అడవిలో అవేం లేవు. దొరికిన తిండి సరిగ్గా పేషెంటుకి పనికొచ్చే తిండి కావటం కథకోసం పెట్టారో, తెలిసి పెట్టారో గానీ, ఆ చోట ఇయర్‌ఫోన్స్ తీసి పక్కసీటావిడకి చెప్పాలనిపించింది.

అలా నడుస్తూ నడుస్తూ, ఏ పూటా “నీ కళ్లు బాగున్నాయి” లాంటి మాట లేకుండానే, ఒకరి మీద ఒకరికి గురి కుదురుతుంది. కొమార్ అనే గ్రహం మీద జరిగిన ఊచకోత వల్ల ఆయన్ని ‘కొమార్ కసాయి’ అంటారని ఆవిడకి తెలుసు. ఏం జరిగిందని మొహం మీదే అడుగుతుంది, ఆయన చెప్తాడు. అంతే, ఏడుపులూ క్షమాపణలూ లేవు. తర్వాత కొద్దిరోజులకే ఆయన పెళ్లి మాటెత్తితే, మరీ తొందరేమో అనుకున్నాను గానీ, మనవైపు పెళ్లిచూపుల్లో అరగంటలో తేల్చేస్తున్నాం కదా అని ఊరుకున్నాను. కనీసం వీళ్లు కలిసి ఒక శవాన్ని పాతిపెట్టారు, ఒక రోగిని మోశారు.

రెండో సగం యుద్ధం. బారయార్ ఎస్కోబార్ అనే గ్రహం మీదకి దండెత్తుతుంది, కొర్డీలియా మళ్లీ చిక్కుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: లైంగిక హింస ఉంది, తీవ్రంగానే ఉంది. స్పీకర్లో పెట్టి ఇంట్లో వినకండి. ఆవిడని హింసించబోయే బారయార్ అడ్మిరల్ పాత్ర నాకు అస్సలు మింగుడు పడలేదు. వాడి క్రూరత్వాన్నీ, మగవాళ్లని కోరుకునే గుణాన్నీ ఒకే మూటలో కట్టేయడం ఆ కాలం నవలల పాత జబ్బు. పక్కనే ఉన్న సార్జెంట్ బొథారీ మాత్రం అద్భుతం. మనసు చెదిరిన మనిషి, మందుల మీద మనిషి, ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఆయుధం అయిపోయే మనిషి. సైకియాట్రీ పోస్టింగులో నేను చూసినవాళ్లు గుర్తొచ్చారు. ఈ యుద్ధం అసలు ఎందుకు జరిగిందో చివర్లో తెలుస్తుంది. ముసలి చక్రవర్తి తన వారసుడి గురించి తీసుకున్న నిర్ణయం అది. చెప్పేస్తే మీకు మజా పోతుంది. గద్దె వారసత్వం అంటే ఏమిటో బాల్కనీ నవలలన్నీ కలిపి చెప్పనిది ఆ ఒక్క సంభాషణలో ఉంది.

బీటాకి తిరిగొచ్చాక కథ హాస్యంలోకి జారుతుంది. శత్రువుని ప్రేమించిందంటే కచ్చితంగా బుర్ర మార్చేసుంటారని సొంత ప్రభుత్వమే ఆవిడకి వైద్యం చెయ్యబోతుంది. ఆ మానసిక వైద్యురాలి పేరు డాక్టర్ మెహతా. మనవాళ్లు వేరే గ్రహం మీద కూడా డాక్టర్లే అన్నమాట! చేపల తొట్టి ఉన్న సీను ఒకటి వస్తుంది, అక్కడ బస్సులో పైకే నవ్వేశాను. నవ్వినా, ఆ చాప్టర్ లోపల ఒక నిజం ఉంది: రోగం లేదని రోగి ఎంత గట్టిగా చెప్తే అంత గట్టిగా కేస్ షీటులో రాసుకుంటారు.

గొంతు గ్రోవర్ గార్డనర్‌ది. కొర్డీలియా కథని మగగొంతులో ఏమిటని ముందు అనిపిస్తుంది, కాసేపటికి అలవాటవుతుంది. ఆయన నాటకం ఆడడు, పొడిగా చదువుతాడు, ఆవిడ వెటకారానికి అదే సరిపోయింది. ఇబ్బందల్లా పేర్లతోనే. బారయార్ దొరల ఇంటిపేర్లన్నీ ‘వోర్’తోనే మొదలవుతాయి: వోర్కోసిగన్, వోర్‌రట్యెర్, వోర్‌హలాస్, ఆఖరికి ఓడ పేరు కూడా జనరల్ వోర్‌క్రాఫ్ట్. వినేటప్పుడు ఎవరు ఎవరో కలిసిపోతారు. పుస్తకంగా చదివితే ఈ బాధ తక్కువ. వేగం పెంచి వినే అలవాటుంటే దీనికి మానుకోండి.

చివర్లో యుద్ధం అయ్యాక అంతరిక్షంలో తేలుతున్న శవాల్ని ఏరే ఓడ మీద ఒక చిన్న కథ ఉంది, ప్రధాన కథతో పెద్ద సంబంధం లేదు. శవాన్ని తుడిచి, జుట్టు సరిచేసి, పేరుతో పిలిచే ఒక మెడికల్ టెక్నీషియన్ కథ. మా జూనియర్ సిస్టర్లకి ఆ ఒక్క భాగమైనా వినమని చెప్పాను.

అయిదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ఆ అడ్మిరల్‌కి. దీని తర్వాతది ‘బారయార్’, 1992లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, ఈ కథే అక్కడ కొనసాగుతుంది. డౌన్‌లోడ్ చేసి పెట్టాను. అందులో కొర్డీలియా కడుపుతో ఉంటుందట, విషవాయువు కూడా ఉందట. నైట్ డ్యూటీలు అయ్యాక వింటా.