ఇంటికి తెచ్చుకునే టోంకట్సు: రోసు ఎప్పుడు, హిరె ఎప్పుడు

టోక్యోకి వచ్చి ఏళ్లయింది. వండే ఓపిక లేని సాయంత్రాల్లో మా ఇంటికి ఎక్కువగా వచ్చేది టోంకట్సే. పంది మాంసం ముక్కకి పిండి, గుడ్డు, గరుకైన బ్రెడ్ పొడి పట్టించి నూనెలో వేయిస్తారు. చాలా షాపులవి తిన్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఏ షాపు అన్నదానికంటే, కొన్నాక ఎంతసేపటికి తింటాం, దానికి తగ్గ ముక్క తీసుకున్నామా అన్నదే ముఖ్యం.

కౌంటర్‌లో ప్రధానంగా రెండు రకాలుంటాయి. రోసు అంటే వీపు వైపు మాంసం, ఒక అంచున కొవ్వు పట్టీ ఉంటుంది. హిరె లోపలి మెత్తటి కండ, కొవ్వు దాదాపు ఉండదు. వేడిగా ఉన్నప్పుడు రోసుకి సాటి లేదు. ఆ కొవ్వు కరిగి మాంసమంతా తియ్యగా అనిపిస్తుంది. చల్లారిందంటే అదే కొవ్వు గడ్డకట్టి నాలుకకి జిడ్డుగా అంటుకుంటుంది. హిరె చల్లారినా అంతగా దెబ్బతినదు. అందుకే ఇంటికి వెళ్లగానే తినేలా ఉంటే రోసు, మర్నాటి లంచ్ బాక్సుకైతే హిరె తీసుకుంటాను. ధర ఎక్కువని హిరెనే గొప్పదనుకోనక్కర్లేదు.

పార్సిల్‌కి అసలు శత్రువు ఆవిరి. మంచి షాపులు మూత పూర్తిగా బిగించకుండా, గాలి ఆడేలా పెట్టి ఇస్తాయి. ఒకచోట మాత్రం వేడి ముక్కనీ క్యాబేజీనీ ఒకే డబ్బాలో పెట్టి గట్టిగా మూసేసేవాళ్లు. ఇల్లు చేరేసరికి పైపొర నాని మాంసం నుంచి ఊడొచ్చేది, క్యాబేజీ వాడిపోయేది. అక్కడ కొనడం మానేశాను. ఏ షాపుదైనా సరే, ఇంటికి రాగానే మూత తీసి, ముక్కల్ని జాలీ మీదకి మార్చాలి. చేతులు కడుక్కునేది ఆ తర్వాతే.

చల్లారినదాన్ని మైక్రోవేవ్‌లో మాత్రమే వేడి చేస్తే పొర మెత్తబడిపోతుంది. కాసేపు అందులో పెట్టి లోపలి చల్లదనం పోగొట్టి, తర్వాత ఓవెన్ టోస్టర్‌లోకి మార్చాలి. కింద వేసే అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి ముడతలు పెడితే కారిన నూనె ఆ ముడతల్లోకి దిగుతుంది. ముక్కలు కోసే ఇస్తారు కాబట్టి వాటిని మళ్లీ ఒకదానికొకటి ఆనించి పెట్టాలి. విడివిడిగా పెడితే కోసిన వైపు ఎండిపోతుంది. పైన చిటపటమంటుంటే తీసేయొచ్చు.

సన్నగా తరిగిన క్యాబేజీ లేకుండా టోంకట్సు తినడం నాకు అసలు ఇష్టం ఉండదు. పంది కట్లెట్ టోక్యోలోని గింజా అనే ప్రాంతంలో, రెంగాతె హోటల్లో 1899లో మొదలైందని చెబుతారు, పక్కన పచ్చి క్యాబేజీ పెట్టే అలవాటు కూడా అక్కడిదేనంటారు. నూనె వంటకం తింటూ మధ్యమధ్యలో నోరు శుభ్రపడాలంటే అది కావాల్సిందే. పార్సిల్‌లో ఇచ్చేది గుప్పెడే. సూపర్‌మార్కెట్‌లో తరిగిన క్యాబేజీ ప్యాకెట్ కొని, ఐస్ నీళ్లలో కాసేపు ఉంచి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, కంచంలో కొండలా పోస్తాను.

సాస్ చిక్కగా, తీపి పులుపు కలిసి ఉంటుంది. ముక్కలన్నిటి మీదా ఒకేసారి పోసేస్తే ఇంతసేపు కాపాడుకున్న కరకర పోతుంది, తినే ముక్క మీద వేసుకుంటే చాలు. రోసు మొదటి ముక్కని ఉప్పు, నిమ్మరసంతోనే తినాలి, మాంసం రుచి తెలుస్తుంది. కరాషి అనే ఆవ ముద్ద ముక్కు దాకా ఎక్కుతుంది, ఆవపెట్టిన కూరలు తిన్న మనకి అదేం కొత్త కాదు. ఆవకాయ మాత్రం దీనికి జోడీ కాదు, నూనె మీద నూనె అవుతుంది. మామూలుగా పక్కన ఉండే మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది) బదులు మిరియాల చారు పెడితే ఎంత బాగుంటుందో! మా ఇంట్లో ఇప్పుడదే అలవాటు.

ఖర్చు సంగతికొస్తే, 2019 అక్టోబర్ నుంచి హోటల్లో కూర్చుని తింటే పన్ను 10 శాతం, ఇంటికి తెచ్చుకుంటే 8 శాతం. ఇంకా తక్కువలో కావాలంటే రాత్రి సూపర్‌మార్కెట్‌లో సగం ధర స్టిక్కర్ వేసినవి ఉంటాయి. వాటిని టోంకట్సుగా తినమని చెప్పను. పొర అప్పటికే మెత్తబడి ఉంటుంది. కట్సుదోన్‌కి, అంటే కట్లెట్‌నీ గుడ్డునీ అన్నం మీద వేసుకుని తినే వంటకానికి మాత్రం అవే చాలు. చిన్న మూకుడులో దాషి (చేప, సముద్రపు నాచు లాంటివాటితో కాచిన రసం), సోయా సాస్, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం), కాస్త పంచదార వేసి ఉల్లిపాయ ముక్కలు ఉడికించాలి. కట్సు ముక్కలు పేర్చి, గిలకొట్టిన గుడ్డు పోసి, సగం గట్టిపడగానే వేడన్నం మీదకి దించేయాలి. మా పిల్లలు టోంకట్సుకంటే దీన్నే ఎక్కువ అడుగుతారు.

మనవాళ్లకి ఒక్కటి గట్టిగా చెప్పాలి. అదే కౌంటర్‌లో చికెన్ కట్సు, రొయ్యల వేపుడు, బంగాళాదుంప కొరొక్కె (ఆలూ ముద్దకి బ్రెడ్ పొడి పట్టించి వేయించినది) కూడా ఉంటాయి. వేయించే నూనె చాలాచోట్ల ఒకటే, కొన్ని షాపులు పంది కొవ్వులోనే వేయిస్తాయి. కొరొక్కెలో కూడా తరచుగా మాంసం కీమా కలుస్తుంది. కీమాతో చేసే మెంచి కట్సులో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ కలిపి ఉండొచ్చు. పేరు చూసి శాకాహారమనో, చికెనే కదా అనో అతిథులకి పెట్టేయకూడదు, అడిగి తెలుసుకోవాలి. పంది తినని చుట్టాలు వచ్చిన రోజు నేను ఆ కౌంటర్ వైపే వెళ్లను.