యాట కూర: పోగు తీసుకోవాలా, కిలో కొనాలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో కొందరు కలిసి ఒక యాటను, అంటే గొర్రెనో మేకనో కొని, కోయించి, పోగులు (వాటాలు) వేసుకోవడం ఇప్పటికీ ఉంది. తొడ, పక్కటెముకలు, కార్జం, బోటి అన్నీ తలా కొంచెం ప్రతి పోగులో పడతాయి, నీకేది ఇష్టమని ఎవరూ అడగరు, తలకాయ, కాళ్లు మాత్రం విడిగా ఎవరో ఒకరు తీసుకుంటారు. ప్రాణంతో ఉన్నప్పుడే చూస్తాం కాబట్టి లేతదా, ముదురుదా అన్న టెన్షన్ లేదు. ధర కూడా జీవం ధరను పంచుకున్నదే, మధ్యలో షాపు కిరాయి ఉండదు. కాటా ఉండదు, కంటి అంచనాయే, అందుకే పోగుల దగ్గర చిన్న గొడవ మామూలే!

టౌన్ షాపులో పావుకిలో కూడా ఇస్తారు, కీమా కొట్టిస్తారు, తొడ ముక్క చూపించి కోయించుకోవచ్చు. కానీ కొవ్వు, ఎముక ఎంత కలిసిందో ఇంటికొచ్చాకే తెలుస్తుంది. వేలాడే మాంసం మీద పశువైద్యుడు పరీక్షించిన ముద్ర ఉందా అని అడిగేవాళ్లు తక్కువ, అడగాలి. 2019 పశుగణనలో గొర్రెల్లో దేశంలోనే తెలంగాణ మొదటిది, అయినా కిలో రేటు చెప్తే గుండె గుభేలుమంటుంది.

ఇంట్లో ఇద్దరే ఉంటే షాపే నయం. చుట్టాలొస్తే, బోటి శుభ్రం చేసే ఓపిక ఉంటే, నా ఓటు పోగుకే.