బ్రేవ్ న్యూ వర్డ్స్: ఏ మాట ముందు ఎవరు రాశారో చూపించే నిఘంటువు

సైన్స్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్లు ఎక్కడ కనిపించినా కొనేయాల్సిన పుస్తకం ఇది, ఆ కథల్లో వాడే ఇంగ్లీషు మాటల నిఘంటువు. సంపాదకుడు జెఫ్ ప్రూచర్. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2007లో వేశారు, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. నాకు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య కనబడింది. షాపాయన నాలుగు వందలు చెప్పి మూడు వందలకిచ్చాడు. గట్టి అట్ట, లోపల ఎవరూ గీతలు గియ్యలేదు.

నేను సూర్యారావుపేటలో ఒక ప్రెస్సుకి ప్రూఫులు దిద్దుతాను. పిల్లల సైన్సు పుస్తకాలు ఎక్కువగా వస్తాయి. ‘రోబో అనే మాటను ఫలానా ఆయన సృష్టించాడు’ లాంటి వాక్యం వాటిలో తరచూ తగులుతుంది, ఒక్కో రచయిత ఒక్కో పేరు రాస్తాడు. దేన్ని ఉంచాలో, దేన్ని కొట్టెయ్యాలో తెలియక టెన్షన్ పడేవాణ్ణి. ఈ పుస్తకం బల్ల మీదికి వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

ఒక మాట, దాని అర్థం, కింద ఆ మాటను వాడిన వాక్యాలు. అన్నిటికన్నా పాతది ముందు, తర్వాతవి సంవత్సరాల వరసలో. సూర్యరాయాంధ్ర నిఘంటువు తీసి కవిప్రయోగాలు చదివే అలవాటున్నవాళ్లకి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. అక్కడ తిక్కన, పోతన ఉండే చోట ఇక్కడ చవక కాగితం మీద అచ్చయిన అమెరికా కథల పత్రికలుంటాయి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు కోసం 2001లో ఈ పాత వాక్యాల వెతుకులాట మొదలైంది. ఇళ్లలో పాత సంచికలు దాచుకున్న పాఠకులే వాటిని తిరగేసి ‘ఇంతకంటే ముందుది దొరికింది’ అంటూ పంపించారు. జీతం లేకుండా ఇంత ఓపిగ్గా పనిచేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

మాటను పుట్టించినవాళ్లు ఒకరు, పేరు దక్కించుకున్నవాళ్లు ఇంకొకరు కావడం ఈ రంగంలో మామూలే. రోబోనే చూడండి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంతో లోకానికి తెలిసింది. కానీ మాట ఇచ్చింది ఆయన అన్న యోసెఫ్. ఆ సంగతి చాపెక్ తనే 1933లో పత్రికలో రాశాడు. తను ముందు ‘లాబోరి’ అనుకున్నాడట, అది మరీ పుస్తకాల మాటలా అనిపించిందట. అన్న చిత్రకారుడు. బొమ్మ వేస్తూ, నోట్లో కుంచె ఉండగానే, ‘అయితే రోబోలను’ అని గొణిగాడట. చెక్ భాషలో రోబోట అంటే వెట్టిచాకిరి. ఇంకో సంగతి, ఆ నాటకంలో రోబోలు ఇనుప బొమ్మలు కావు. కృత్రిమంగా తయారుచేసిన మాంసంతో చేసిన మనుషులు. ఇది తెలిశాక మా ప్రెస్సుకొచ్చిన ఒక పుస్తకంలో చాపెక్ పేరు పక్కన వేసిన రేకు మనిషి బొమ్మను మార్పించాను.

రోబోటిక్స్, అంటే రోబోల శాస్త్రం, అనే మాట మాత్రం సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్‌దే. 1941 మే నెల ‘ఆస్టౌండింగ్’ పత్రికలో వచ్చిన కథలో రాశాడు. అది అప్పటికే వాడుకలో ఉన్న మాటేననుకుని రాశాడు తప్ప, తను కొత్తగా పుట్టిస్తున్నానని ఆయనకి తెలియదు.

టెలిపోర్టేషన్ (ఒకచోట మాయమై ఇంకోచోట తేలడం) స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్ నుంచి వచ్చిందని మా ఆఫీసులో అందరూ అనుకునేవారు. 1931లో చార్లెస్ ఫోర్ట్ వాడాడు, ఆయన వింత సంఘటనలు పోగుచేసిన మనిషి. సైబర్‌స్పేస్‌కి, అంటే కంప్యూటర్ నెట్‌వర్కుల్లోని లోకానికి, రచయిత విలియం గిబ్సన్ 1984 నవలను చూపిస్తారు. ఆయన 1982 కథలోనే ఉంది. సైబర్‌పంక్ (కంప్యూటర్లు, హ్యాకర్ల చుట్టూ తిరిగే కథల తీరు) అనగానే కూడా గిబ్సన్ పేరే చెబుతారు గానీ, 1983లో ఆ పేరుతో కథ అచ్చువేసుకున్నది బ్రూస్ బెత్కీ.

నాకు బాగా నచ్చింది కంప్యూటర్ వర్మ్ కథ. జాన్ బ్రన్నర్ 1975 నవలలో నెట్‌వర్కంతా పాకిపోయే ప్రోగ్రాముకి టేప్‌వర్మ్ అని పేరు పెట్టాడు. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకే ప్రోగ్రాములు జిరాక్స్ పరిశోధనశాలలో నిజంగానే తయారుచేసినవాళ్లు ఆ నవలలోంచే పేరు తీసుకున్నామని 1982 వ్యాసంలో ఒప్పుకున్నారు. అలాగే మన అవతారం, మనకు బదులు కనిపించే బొమ్మ అనే అర్థంలో, ‘అవతార్’గా కంప్యూటర్ తెరమీదికెక్కడం నీల్ స్టీఫెన్సన్ 1992 నవల పుణ్యమంటారు. మెటావర్స్, అంటే కంప్యూటర్లు సృష్టించే ఊహాలోకం, అనే మాట ఆ నవలలోదే. అవతార్‌ని మాత్రం తనకంటే ముందే హాబిటాట్ అనే కంప్యూటర్ ఆట తయారుచేసినవాళ్లు వాడారని స్టీఫెన్సన్ తనే పుస్తకం చివర చెప్పాడు. ఇంత నిజాయితీ అందరికీ ఉంటే మా పని సగం తగ్గుతుంది.

లోపాలూ ఉన్నాయి. అమెరికా అభిమాన సంఘాలవాళ్లు తమలో తాము వాడుకునే మాటలకు చాలా చోటిచ్చారు, మనకు అవి అంతగా పనికిరావు. అంతా ఇంగ్లీషు చుట్టూనే తిరుగుతుంది. విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొనుక్కుని పెరిగిన నాలాంటివాళ్లకి రష్యన్ కథల మాటల కోసం వెతికితే నిరాశే. పైగా 2007 దగ్గర ఆగిపోయింది.

ఆ చివరి లోటుకి మందుంది. నిఘంటుకారుడు జెస్సీ షీడ్‌లోవర్ 2021 జనవరిలో ‘హిస్టారికల్ డిక్షనరీ ఆఫ్ సైన్స్ ఫిక్షన్’ అని ఇదే పనిని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఉచితం, కొత్త ఆధారాలు చేరుతూ ఉంటాయి. చాలా వాక్యాల దగ్గర నొక్కితే ఆ పాత పత్రిక పేజీ ఫోటోయే తెరుచుకుంటుంది. అసలు పేజీని కళ్లతో చూసి నిర్ధారించుకునే వీలు అచ్చు పుస్తకంలో ఎలాగూ ఉండదు. అందుకే నేను తేదీ ఖరారు చేసుకోవడానికి ఫోన్‌లో దాన్ని చూస్తాను, తీరిగ్గా పేజీలు తిప్పడానికి దీన్ని తీస్తాను.

ఇంగ్లీషు చదవగలిగే ఇంటర్ పిల్లలుంటే ముందు ఆ సైటు చూపించండి. వాళ్లకి రుచి తగిలితే అప్పుడు పుస్తకం వెతకొచ్చు. కొత్తది తెప్పించుకుంటే ఖరీదెక్కువ, కాబట్టి జనవరిలో పుస్తక మహోత్సవానికి వెళ్లినప్పుడు పాత ఇంగ్లీషు పుస్తకాల స్టాళ్లలో అడగండి. నిఘంటువుల వరసలోనే కాదు, కథల పుస్తకాల గుట్టల్లోనూ చూడండి.