మూడేళ్లుగా నా 5 శ్రుతి వేణువు: పంచమం పోయి వచ్చిన వేసవి

కొన్న రెండో నెలలోనే ఈ వేణువు గురించి కనబడిన వాళ్లందరికీ చెప్పాను. తీగలు తెగవు, శ్రుతి చేసుకోనక్కర్లేదు, సంచిలో వేసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు అని. మూడేళ్లు వాయించాక ఆ మాటల్లో కొన్ని సరిదిద్దుకోవాలి. దాని మీద ఇష్టం మాత్రం పెరిగిందే కానీ తగ్గలేదు. అందుకు కారణం ఒకే ఒక్క స్వరం, పంచమం (సరిగమపలో ప).

నాది ఎనిమిది కన్నాల కర్ణాటక వేణువు. 5 శ్రుతి అంటే దాని షడ్జం (స) పాశ్చాత్య సంగీతంలోని G దగ్గర పలుకుతుంది. 43 ఏళ్ల వయసులో మొదలుపెట్టాను. మొదటి పది రోజులు ఉత్త గాలే వచ్చింది. తర్వాత షడ్జం పలికింది. దానికి నోటి వైపున్న మొదటి రెండు కన్నాలు మూస్తే చాలు. ఒకటి తీస్తే రిషభం, రెండోదీ తీస్తే గాంధారం. అన్ని వేళ్లూ లేచిపోయే ఆ గాంధారం దగ్గరే వేణువు చేతిలోంచి జారబోతుంది, బొటనవేళ్లూ పెదవీ కలిసి దాన్ని ఆపాలి. పంచమానికి ఐదు వేళ్లు ఒకేసారి, సందు లేకుండా కూర్చోవాలి. నాకు మూడు నెలలు పట్టింది. అది కుదిరిన రోజు సాయంత్రం ఆధార శ్రుతి వినిపించే తంబురా యాప్‌లోని పంచమంలో నా పంచమం కలిసిపోయింది. వెదురు వేళ్ల కింద సన్నగా అదిరింది. ఆ అదురు కోసమే ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు.

రెండో ఏడాది మే నెలలో పెళ్లికి వెళ్తూ వేణువుని కారులో వెనక అద్దం దగ్గర పెట్టి మర్చిపోయాను. విజయవాడ మే ఎండ గురించి చెప్పక్కర్లేదు. మర్నాడు తీసి వాయిస్తే షడ్జం, నిషాదం, ధైవతం ఎప్పటిలాగే ఉన్నాయి. పంచమం మాత్రం బొంగురుగా, గాలి కలిసి వచ్చింది. మధ్యమం అసలు పలకలేదు. రెండు వారాలు తప్పు నాదే అనుకున్నాను. పెదవి మార్చి చూశాను, వేళ్లు అద్దంలో చూసుకున్నాను, గట్టిగా ఊదితే స్వరం పై స్థాయికి ఎగిరిపోయేది. రాత్రి నిద్రపట్టేది కాదు, అంత టెన్షన్. మూడు నెలలు కష్టపడి తెచ్చుకున్నది పోయిందనే దిగులు.

చివరికి మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేణువు చేతిలోకి తీసుకోకుండానే, "ధైవతం బాగుందా అమ్మా?" అని అడిగారు. బాగుందన్నాను. "అయితే నీ ఊదడంలో లోపం లేదు. ఊదడం చెడితే అన్ని స్వరాలూ చెడాలి. ధైవతానికి తెరిచి ఉండి, పంచమానికి మూసుకునే కన్నం ఏది?" అన్నారు.

ఐదోది. నా కుడి మధ్యవేలి కింద ఉండేది. వెలుతురుకి పట్టి చూస్తే ఆ కన్నం అంచు నుంచి కిందికి వెంట్రుకంత బీట. వేలు కన్నాన్ని మూస్తోంది, పక్కనున్న బీటలోంచి గాలి పోతోంది. లోపల ఊపిరి తడి, బయట ఎండ. వెదురు ఒక్కోవైపు ఒక్కోలా బిగిసి చీలింది.

ఆయన బీటలో ఫెవిక్విక్ ఒక్క చుక్క వేసి, కన్నానికి అటూ ఇటూ దారం బిగించి చుట్టారు. ఆరాక అడుగు కొసకీ, వేలు పెట్టని ఎనిమిదో కన్నానికీ టేపు అంటించి, మిగతావి వేళ్లతో మూసి నోటితో గాలి పీల్చి చూశారు. గాలి ఎక్కణ్ణుంచీ లోపలికి రాలేదు. నా చేతికిచ్చారు. పంచమం వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కట్టు దగ్గర వేలికి దారం ఇప్పటికీ తగులుతుంది. మధ్యమం మునుపంత నిండుగా లేదు. నెలకోసారి లోపల బాదం నూనె పూస్తున్నాను, వాయించాక గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, తర్వాతే సంచిలో పెడుతున్నాను.

శ్రుతి చేసుకోనక్కర్లేదన్న మాట కూడా సగమే నిజం. మనం చేయడానికి వీల్లేదు అనడం సరైనది. వేణువులోని గాలి పది డిగ్రీలు వేడెక్కితే స్వరం అరస్వరంలో పావు వంతుకు పైనే పెరుగుతుంది. ఏసీ గదిలో తీయగానే కాస్త కిందికి పలుకుతుంది. నేను ముందు ఐదు నిమిషాలు ఊది వెచ్చబరిచి, అప్పుడు యాప్ శ్రుతిని వేణువుకి సరిపోయేలా మారుస్తాను.

పాఠాలు మాయామాళవగౌళ రాగంతో మొదలవుతాయని మీరూ వినే ఉంటారు. ఈ కన్నాలకు సహజంగా వచ్చేది హరికాంభోజి రాగం. మాయామాళవగౌళలో రిషభానికీ ధైవతానికీ నిషాదానికీ సగం కన్నం మూయాలి. కొత్తవాళ్లకి అది కష్టం. మా మాస్టారు మొదటి పాఠాలైన సరళీ స్వరాలు ముందు హరికాంభోజిలోనే పలికించారు, అది నా అదృష్టం.

కొనమంటారా అంటే, నాకు నడక దూరంలో మాస్టారున్నారు, మా ఇంట్లో సాయంత్రం ఒక గంట నిశ్శబ్దంగా ఉంటుంది. వీడియోలు చూసి ఒంటరిగా నేర్చుకునేవాళ్లకి, ఎండలో ఎక్కువ తిరిగేవాళ్లకి మొదటి ఏడాది పీవీసీ వేణువు సరిపోతుందేమో. అది ఇలా ఎండకు బీటలివ్వదు. నేను వాయించి చూశాను, పంచమం శుభ్రంగానే పలికింది. వేళ్ల కింద ఆ అదురు మాత్రం నాకు తెలియలేదు. అందుకే కట్టు కట్టిన ఈ వెదురునే వాయిస్తున్నాను.