పికప్ మైలేజీకి ఏది ముందు: స్పీడు తగ్గించడమా, టైర్లలో గాలా?

నూజివీడు మామిడి లోడుతో హైదరాబాద్ హైవే ఎక్కే పికప్‌కి నా ఓటు స్పీడు తగ్గించడానికే. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగం × వేగం) బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి దిగితే అది దాదాపు 44 శాతం తగ్గుతుంది. క్యాబిన్‌ని మించి ట్రేలు పేర్చి, పైన టార్పాలిన్ వదులుగా కొట్టుకుంటుంటే డీజిల్ ఇంకా తాగుతుంది. తాడు బిగించి కట్టండి. ఆలస్యమవుతుందన్న టెన్షన్ ఉంటే గంట ముందే బయల్దేరండి.

టైర్ల లెక్క చిన్నది. అమెరికా ఇంధన శాఖ ప్రకారం అన్ని టైర్లలో సగటున 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడుతుంది. కానీ లోడు బండిలో గాలి తక్కువైతే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికైతే ముందు చూడాల్సింది గాలే. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.