సీహెచ్341ఏ కిట్: బయోస్ పోయిన ల్యాప్‌టాప్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

రాయగడలోనో గుణుపురంలోనో రిపేరు షాపు ఉన్నవాళ్లు బయోస్ చిప్ (మెషీన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్ ఉండే చిప్) పని అనగానే బోర్డుని విశాఖ రైలెక్కించనక్కర్లేదు. చిప్‌ని చదివి తిరగరాసే సీహెచ్341ఏ యూఎస్‌బీ ప్రోగ్రామర్, ఎనిమిది పిన్నుల క్లిప్పు, 1.8 వోల్టుల అడాప్టర్ కలిపి వచ్చే ఈ కిట్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొనదగ్గదే. కానీ పెట్టెలోంచి తీసినది తీసినట్టు వాడకూడదు.

ముందు ఒక మాట. బయోస్ అప్‌డేట్ తర్వాత విండోస్ లేవట్లేదని తెచ్చిన ప్రతి మెషీన్‌కీ స్క్రూలు విప్పకండి. కంపెనీ లోగో కనబడి, ఆ తర్వాత నీలం తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని పడితే చాలాసార్లు చిప్‌కి ఏమీ కాలేదు. అప్‌డేట్ బయోస్ సెట్టింగులని డిఫాల్ట్‌కి తిప్పేసింది, అంతే. విండోస్‌ని ఏహెచ్‌సీఐ అనే స్టోరేజీ మోడ్‌లో ఎక్కించి ఉంటే ఇప్పుడు అక్కడ రెయిడ్ గానీ వీఎండీ గానీ అనే వేరే మోడ్ ఆన్ అయి ఉంటుంది. పాత మోడ్ పెట్టి సేవ్ చేస్తే లేస్తుంది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే మెషీన్ తెచ్చిన మనిషి మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికించండి. ఆ కీ లేకపోతే డేటా రాదు. బయోస్ తిరగరాసినా ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి మెషీన్ విప్పకముందే అడిగి, జాబ్ చీటీ మీద తెలుగులోనో ఒడియాలోనో రాసి సంతకం పెట్టించుకోవాలి.

కిట్ అవసరం పడేది ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉండిపోయినప్పుడు. బ్యాటరీ ఉబ్బిందని తీసేసి చార్జర్ మీదే నడుపుతున్న ల్యాప్‌టాప్‌లో, ఉరుముల సాయంత్రం అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే జరిగేది ఇదే. అప్పుడు కూడా ముందు పెన్‌డ్రైవ్ రికవరీ (కంపెనీ బయోస్ ఫైలుని పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించడం) చూడండి: హెచ్‌పీలో విండోస్, బీ కీలు నొక్కి పట్టుకుని పవర్ ఇవ్వాలి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని చార్జర్ గుచ్చాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి.

ఇక కిట్‌లోని ప్రోగ్రామర్ బోర్డు సంగతి. నల్ల రంగు రకంలో పెద్ద లోపం ఉంది. బయోస్ చిప్‌కి పవర్ 3.3 వోల్టులే వెళ్తుంది గానీ డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయి. మల్టీమీటర్ పెట్టి చూడండి, తెలుస్తుంది. చాలా చిప్‌లు తట్టుకుంటాయి, కానీ కస్టమర్ బోర్డు మీద ఆ పందెం వేయకూడదు. ప్రోగ్రామర్ మీది సీహెచ్341ఏ చిప్ 28వ పిన్నుని ప్యాడ్ నుంచి లేపి, దాన్నీ 9వ పిన్నునీ 3.3 వోల్టులకి కలిపితే సరిపోతుంది. చేతికి సన్న టంకం అలవాటు లేకపోతే వోల్టేజీ స్విచ్ ఉన్న రకం కొనుక్కోవడం మేలు. బయోస్ చిప్ మీద పేరు కూడా భూతద్దంతో చదవాలి: డబ్ల్యూ25క్యూ128 తర్వాత జేవీ ఉంటే 3.3 వోల్టులు, జేడబ్ల్యూ ఉంటే 1.8. రెండోదానికి అడాప్టర్ లేకుండా క్లిప్పు తగిలించకండి.

క్లిప్పు కిట్‌లో అన్నిటికన్నా నాసిరకం. చార్జర్, బ్యాటరీ, గుండీ సెల్లు మూడూ తీసేశాక, ఎర్ర తీగ చిప్ మీది చుక్క వైపు వచ్చేలా తగిలించాలి. చదివినప్పుడు తెర నిండా ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అని వరసలు కడితే ఫైలు ఖాళీ అనుకోకండి, క్లిప్పు పళ్లు పిన్నులకి అందలేదు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో పిన్నులు తుడిచి మళ్లీ తగిలించండి. అప్పటికీ రాకపోతే మిగతా బోర్డు కరెంటు లాగేస్తోందని అర్థం. చిప్ ఊడదీసి చదవాల్సిందే.

రాసేముందు రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ పోల్చాలి. 16 ఎంబీ చిప్ అయితే సైజు సరిగ్గా 1,67,77,216 బైట్లు ఉండాలి. తేడా వస్తే క్లిప్పు కదిలినట్టే. ఈ పాత ఫైలు పారేయొద్దు. సీరియల్ నంబరు, విండోస్ కీ, ఇంటెల్ మెషీన్లలో ఎంఈ (మేనేజ్‌మెంట్ ఇంజిన్) భాగం అందులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన వేరే మెషీన్ డంప్ (చిప్ నుంచి చదివిన ఫైలు) మొత్తంగా ఎక్కిస్తే ఆ మెషీన్ సీరియలే తెర మీదకి వస్తుంది. కంపెనీ ఇచ్చే అప్‌డేట్ ఫైలుకి చాలాసార్లు ముందు హెడర్ (బయోస్ కాని అదనపు భాగం) ఉంటుంది, ఆ ఫైలుని నేరుగా రాయకూడదు. అందులోంచి బయోస్ భాగం తీసి, పాత డంప్‌లో ఆ భాగం ఒక్కటే మార్చి రాసి వెరిఫై చేయాలి.

రాశాక మొదటిసారి ఆన్ చేస్తే మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌ని సరిచూసుకుని అమర్చుకోవడం) వల్ల తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. పవర్ బటన్ మీద చెయ్యి వేయకండి. లోగో వచ్చాక సెటప్‌లోకి వెళ్లి తేదీ, స్టోరేజీ మోడ్, సెక్యూర్ బూట్ సరిచూసి అప్పుడు మూత బిగించండి.