జాగ్రత్త: ఫైబ్రోమయాల్జియా, తలనొప్పి రెండూ పోగొడతామంటూ అమ్ముతున్న ‘మూడు నెలల కోర్సు’

ఒళ్లంతా నొప్పులు, వదలని తలనొప్పి ఉన్నవాళ్లను వెతికి పట్టుకుని ఫోన్లో మూలికా కోర్సులు అంటగట్టే బ్యాచ్‌లు ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. అలాంటి కోర్సు ఒకటి నేను కొని వాడాను. డబ్బు పోవడం ఒక ఎత్తు. అంతకు ముందు వారానికి రెండు మూడుసార్లు వచ్చే తలనొప్పి, ఆ క్యాప్సూల్స్ వాడాక రోజూ పొద్దున లేచేసరికే సిద్ధంగా ఉండేది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా వీళ్లకి డబ్బా మీద పేరు మార్చి అదే సరుకు మళ్లీ అమ్మడం పెద్ద పనేం కాదు. కాబట్టి వాళ్ల పద్ధతి చెబుతాను, గుర్తుపట్టండి.

మన జబ్బే వాళ్లకి పెట్టుబడి. ఫైబ్రోమయాల్జియా అంటే నెలల తరబడి ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు. అది ఉన్నవాళ్లకి ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఎమ్మారై అన్నీ నార్మల్ వస్తాయి. థైరాయిడ్, విటమిన్ డి, బీ12 లాంటి పరీక్షలు వేరే జబ్బు ఏదీ లేదని చూసుకోవడానికే. నొప్పి ఒంటికి రెండు వైపులా, నడుముకి పైనా కిందా నెలల తరబడి ఉండటం, ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం, మాట మధ్యలో పేర్లు మర్చిపోవడం, ఇవన్నీ కలిపి చూసి డాక్టర్ తేలుస్తారు. ఇది అర్థం కాక ఇంట్లోవాళ్లు ‘రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయటగా, ఇంకేంటి నీకు’ అంటారు. మనలో చాలామందికి మైగ్రేన్ కూడా ఉంటుంది, దాన్ని ‘టెన్షన్ తగ్గించుకో’ అని కొట్టిపారేస్తారు. సరిగ్గా ఇలాంటి మనిషికే ఫేస్‌బుక్‌లో వీడియో కనబడుతుంది: ‘రిపోర్టులు నార్మల్, కానీ నొప్పి నిజం!’ నంబరు ఇవ్వగానే ఆ పూటే ఫోన్ వస్తుంది.

మొదట మాట్లాడిన అమ్మాయి ‘మేడమ్’ అని మొదలుపెట్టి అయిదు నిమిషాల్లో ‘అక్కా’ దగ్గరికి వచ్చింది. తర్వాత ‘డాక్టర్ గారు’ లైన్లోకి వచ్చారు. అరగంటకు పైగా విన్నారు. నిద్ర ఎలా పడుతుంది, నెలసరి టైములో నొప్పి పెరుగుతుందా, ఇంట్లో పని ఎవరు చేస్తారు, అన్నీ అడిగారు. నిజం చెప్పాలంటే అంత సేపు నా మాట విన్న డాక్టర్ అంతకు ముందు ఒక్కరూ లేరు. వాళ్లు అమ్మేది మందు అనుకుంటాం గానీ, ముందు అమ్మేది ఈ వినడమే. నా రేటు ఆ అరగంటలోనే తేలిపోయిందని తర్వాత అర్థమైంది. నా ఉద్యోగం, మా ఆయన ఉద్యోగం, క్రెడిట్ కార్డు ఉందా లేదా అన్నీ ఆ కబుర్లలోనే వచ్చేశాయి.

తర్వాత వాట్సాప్‌లో మనిషి బొమ్మ, దాని మీద 18 ఎర్ర చుక్కలు. ఎక్కడెక్కడ నొప్పో టిక్ పెట్టమన్నారు. ఆ చుక్కలు కల్పితం కాదు. 1990లో అమెరికన్ రుమటాలజీ సంస్థ పెట్టిన పద్ధతిలో 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే ఫైబ్రోమయాల్జియా అనేవారు. అయితే డాక్టర్ తన చేత్తో నొక్కి చూడాల్సినవి అవి. 2010లో కొత్త ప్రమాణాలు ఇచ్చినప్పుడు ఆ నొక్కుడు పరీక్షనే తీసేశారు. వీళ్లు ఆ పాత బొమ్మ పట్టుకుని ఫోన్లోనే ‘మీకు 16 వచ్చాయి అక్కా, నరాల్లో వాతం పూర్తిగా చేరిపోయింది’ అని తేల్చేశారు. మొదటి నెలకి 9,800. మూడు నెలలకి కలిపి కడితే 24,000, తలనొప్పి నూనె ఫ్రీ, పని చేయకపోతే నూటికి నూరు శాతం డబ్బు వాపసు.

కొరియర్‌లో వచ్చిన పెట్టెలో తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు, ఒక చూర్ణం పొట్లం, నూనె సీసా. డబ్బా మీద ఆకుల బొమ్మలు, ‘100% హెర్బల్’, ‘నో సైడ్ ఎఫెక్ట్స్’. మీ దగ్గర ఇలాంటి డబ్బా ఏదన్నా ఉంటే ఇప్పుడే తిప్పి చూడండి. మన దేశంలో తయారై అమ్మే ఆయుర్వేద మందు లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, లోపల ఏమేం ఉన్నాయో ఉండాలి. నాకొచ్చిన డబ్బాల మీద కస్టమర్ కేర్ మొబైల్ నంబరు తప్ప ఇంకేం లేదు. అడిగితే ‘ఇది మా తాతల నాటి ఫార్ములా అక్కా, బయటపెడితే కాపీ కొడతారు’ అన్నారు. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు. చదువుకుని, రిజిస్టర్ చేసుకుని, చీటీ మీద మందు పేరు రాసిచ్చే వైద్యులు ఉన్నారు. పేరు చెప్పని మందు ఇచ్చేవాడు వేరే రకం.

ఇక అసలు సంగతి. ఆ మందు మొదట్లో పని చేసింది. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా చేసింది. వారం తిరక్కుండానే తలనొప్పి ఆగింది, మెట్లు ఎక్కగలిగాను, ఆకలి వేసింది. నాలాంటి ఇంకో ఇద్దరికి నేనే ఫోన్ చేసి చెబుదామనుకున్నా. ఏళ్ల తరబడి ఉన్న నొప్పి పేరులేని క్యాప్సూల్‌తో వారంలో మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. మూలికల పేరుతో అమ్మే నొప్పి మందుల్లో దొంగతనంగా స్టెరాయిడ్, నొప్పి మాత్ర కలపడం కొత్త విషయం కాదు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘ఆర్ట్రి కింగ్’ అనే కీళ్ల నొప్పుల సప్లిమెంట్ల మీద హెచ్చరికలు ఇచ్చింది. లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పరీక్షల్లో బయటపడ్డాయి. అవి వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు, మరణాలు కూడా తమ దృష్టికి వచ్చాయని చెప్పింది. అక్కడ ఉన్న మన పిల్లలు, అక్కచెల్లెళ్లు అమ్మానాన్నల మోకాళ్ల కోసం ఆన్‌లైన్లో ఏవేవో కొని పంపుతుంటారు కదా, వాళ్లకీ ఈ ముక్క చెప్పండి.

నేను వాడిన డబ్బాలో ఏముందో ల్యాబ్ రిపోర్టు ఇంకా నా చేతికి రాలేదు, కాబట్టి ఫలానాది ఉందని రాయను. జరిగింది మాత్రం చెబుతాను. రెండో నెలలో మొహం ఉబ్బింది. పక్కింటి పిన్నిగారు ‘ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావమ్మా, కళగా ఉన్నావ్’ అన్నారు. ఎప్పుడూ లేని బీపీ వచ్చింది. చేతుల మీద చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలేది. చివరికి రుమటాలజిస్ట్ (కీళ్లు, కండరాల నొప్పులు చూసే డాక్టర్) దగ్గరికి వెళ్తే, ఆవిడ డబ్బా చూడగానే పొద్దున పూట తీసే కార్టిసాల్ రక్తపరీక్ష రాశారు. తక్కువ వచ్చింది. కార్టిసాల్ అంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒళ్లు సొంతంగా దాన్ని తయారుచేయడం తగ్గించేస్తుందట. ఫైబ్రోమయాల్జియాలో కీళ్ల వాపు ఉండదు కాబట్టి స్టెరాయిడ్ వల్ల ఈ జబ్బుకి ఒరిగేదేం లేదని, కొన్నాళ్లు తలనొప్పి అణిగి, లేని హుషారు వచ్చి, బాగైనట్టు అనిపిస్తుందని చెప్పారు.

తలనొప్పి ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, లేదా ట్రిప్టాన్‌లు (మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే మాత్రలు), రెండు మూడు మందులు కలిపిన తలనొప్పి మాత్రలు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) 10 రోజులు, లేదా అంతకు మించి వాడుతూ, అలా మూడు నెలలు దాటితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు, నొప్పి తగ్గాలని వేసుకున్నదే రేపటి నొప్పికి కారణమవుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అందుకే న్యూరాలజిస్టులు ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నామో డైరీ రాయమంటారు. లోపల ఏముందో తెలియని క్యాప్సూల్ పూటకి రెండు మింగుతుంటే డైరీలో ఏం రాస్తాం? నేను ‘మాత్రలు మానేసి మూలికలకి మారాను’ అని గర్వంగా రాసుకున్న నెలల్లోనే బహుశా రోజూ నొప్పి మాత్ర మింగుతూ వచ్చాను. డాక్టర్ అనుమానం అదే. మూడో నెలలో తలనొప్పి రోజూ మొదలవడానికి ఆవిడకి వేరే కారణం కనబడలేదు.

ఫోన్ చేసి ఈ సంగతి చెబితే వాళ్ల జవాబు: ‘చెడంతా బయటికి వస్తోంది అక్కా, మందు పని చేస్తోందనడానికి అదే గుర్తు. ఇప్పుడు ఆపితే మొదటికొస్తుంది. ఇంకో రెండు నెలలు పొడిగిద్దాం.’ నొప్పి తగ్గినా మందు గొప్పే, పెరిగినా మందు గొప్పే!

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట మొదటి ఫోన్‌లోనే చెప్పారు: ‘ఇంగ్లీషు మందులన్నీ ఈ రోజే ఆపేయండి.’ నేను అప్పటికి ఫైబ్రోమయాల్జియా నొప్పికి డాక్టర్ రాసిన డ్యులాక్సెటిన్ వాడుతున్నాను. దాన్ని ఉన్నపళంగా ఆపితే తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, తలనొప్పి వస్తాయి. ఈ జబ్బుకే ఇచ్చే ప్రెగాబలిన్ కూడా అంతే, మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన మందు. ఆ మాట విని ఆపేసిన మొదటి కొన్ని రోజులు నరకం చూశాను. ‘చూశారా, ఇంగ్లీషు మందుల విషం ఎంత పేరుకుపోయిందో’ అని దాన్నీ వాళ్ల ఖాతాలోనే వేసుకున్నారు.

రీఫండ్ కథ కూడా వినండి, ఎందుకంటే ‘డబ్బు వాపసు’ మాట చూసే చాలామంది ధైర్యం చేస్తున్నారు. కోర్సుతో పాటు పథ్యం కాగితం ఒకటి వస్తుంది. వంకాయ, గోంగూర, చింతపండు, బంగాళదుంప, పెరుగు రాత్రిపూట, బయటి నూనె, ఏసీ గాలి, అన్నీ నిషేధం. మన ఇళ్లలో చింతపండు లేకుండా మూడు నెలలు ఎవరు తింటారు? తినరనే ఆ కాగితం. డబ్బు అడగ్గానే మొదటి ప్రశ్న ‘పులుపు మానేశారా అక్కా?’ పప్పుచారు తిన్నానంటే అక్కడితో కథ ముగిసింది. మానేశానంటే ఖాళీ డబ్బాలు, పెట్టె తెరిచినప్పటి వీడియో, ‘మందు పని చేయలేదు’ అని ఎండీ డాక్టర్ రాసిన చీటీ, కోర్సు అయిన వారంలోగా పంపాలన్నారు. అవన్నీ పంపాక ‘వాడిన మందుకి రీఫండ్ ఉండదు’ అని మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశారు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలో చాలామంది అడుగుతున్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. మనం కట్టింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. మందు సంగతి మాత్రం మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో విడిగా రాసివ్వండి, డబ్బు కేసులో అది కలిసిపోకూడదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో రుమాటిజం, నరాల జబ్బులు ఉన్నాయి. వాటిని నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వడమే తప్పు. ఆ ప్రకటన వీడియో స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి, రెండు రోజుల్లో తీసేస్తారు. నేను డబ్బు కట్టిన రసీదు, చాట్లు, కొరియర్ కవరు మీద పంపినవాళ్ల చిరునామా ఫొటో తీసి జతచేశాను. ఆ చిరునామా ఒక గోడౌన్‌ది అని తేలింది.

ఇప్పుడు నాకు ఎలా ఉందంటే, జబ్బు పోలేదు. పోతుందని నా డాక్టర్ చెప్పనూ లేదు, అందుకే ఆవిడని నమ్ముతున్నాను. డ్యులాక్సెటిన్ మళ్లీ మొదలుపెట్టారు. తలనొప్పి మాత్రలకి లెక్క పెట్టారు. రోజూ కాస్త నడక, మెల్లగా పెంచుకుంటూ. 2016లో యూరప్ రుమటాలజిస్టులు సవరించిన సిఫార్సుల్లో గట్టిగా చెప్పింది వ్యాయామం ఒక్కదాన్నేనట. విన్నప్పుడు నాకూ ఒళ్లు మండింది, నొప్పితో ఉన్న మనిషిని నడవమంటే మండదా! కానీ ఇంటి చుట్టూ ఒక రౌండుతో మొదలుపెట్టాక నిద్ర కొంచెం మెరుగైంది. ఖర్చు చెప్పులకే.

ఇప్పటికే ఇలాంటి కోర్సు వాడుతున్నవాళ్లకి ఒక మాట. ఇది చదివి ఈ రాత్రే డబ్బా చెత్తబుట్టలో పడేయకండి. అందులో స్టెరాయిడ్ ఉండి మీరు వారాల తరబడి వాడి ఉంటే, ఒక్కసారిగా ఆపడం ప్రాణం మీదకి తేవచ్చు. బీపీ పడిపోవడం, వాంతులు, విపరీతమైన నీరసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ‘పేరులేని నొప్పి మందు వాడాను’ అని మొదటే చెప్పండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌ని కలవండి, డబ్బా తీసుకెళ్లండి, మొహమాటపడకండి. సీలు తీయని డబ్బా ఇంట్లో ఒక్కటి మిగిలి ఉన్నా దాన్ని అలాగే ఉంచి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించండి, తెరిచిన డబ్బాలో మీరే ఏదో కలిపారని వాళ్లు అనడానికి వీలుంటుంది.